చక్రాల మీద ఇల్లు, నందిగామలో తలుపు

"సొంత ఇల్లు పెట్టుకొని రోడ్ల మీద ఈ కాపురం ఏమిటమ్మా?" జగ్గయ్యపేటలో మా ఆపాను ఈ మాట అడగని వారు లేరు. పెళ్లిళ్లలో అడిగారు, పరామర్శకు వెళ్లిన ఇళ్లలో అడిగారు, చివరికి గాజులమ్మే ఆవిడ కూడా అడిగింది. ఆపా నవ్వి ఊరుకునేవారు. మా దూల్హాభాయ్ మాత్రం ఊరుకునే మనిషి కాదు. "ముప్పై మూడేళ్లు సర్కారు వారి జీపు నడిపాను. ఎంతోమంది ఆఫీసర్లను ఎక్కించాను, దించాను. మీ ఆపాను మాత్రం ఒక్కనాడూ ఎక్కించలేదు. ఆ బాకీ తీర్చుకుంటున్నాను" అనేవారు.

ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో జీపు డ్రైవరుగా పనిచేసి 2018లో రిటైరయ్యారు. పెద్ద కొడుకు హైదరాబాదులో, చిన్న కొడుకు గల్ఫులో, కూతుళ్లు ఒకరు గుంటూరులో, ఒకరు కర్నూలులో ఉన్నారు. జగ్గయ్యపేట ఇంట్లో మిగిలింది ఇద్దరే. నేడు మన కుటుంబాల్లో ఇటువంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు. పెద్దవాళ్లు ఫోను పక్కన పెట్టుకొని కూర్చున్నారు. అందుకే ఈ దంపతుల ప్రయాణాల కథను, వారి అనుమతితోనే, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాము. ఇందులో వారు గర్వంగా చెప్పుకునేవి ఉన్నాయి. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుపడేదీ ఒకటి ఉంది.

ఇబ్నె బతూతా ఎక్కిన బండి

ఇంటినే బండిగా చేసుకొని తిరగడం అమెరికావారి ఫ్యాషన్ అని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ దీనిని మోటర్ హోమ్ అంటారు. 1910లో పియర్స్ యారో అనే కార్ల కంపెనీ పడుకోవడానికి, కడుక్కోవడానికి వీలున్న కారును న్యూయార్కు ప్రదర్శనలో పెట్టింది. 1966 నుంచి అయోవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ వీటిని పెద్ద ఎత్తున తయారు చేసి, మధ్యతరగతి వారికీ అందుబాటులోకి తెచ్చింది. రిటైరైన దంపతులు చలికాలం రాగానే ఇటువంటి బండి ఎక్కి ఎడారి ప్రాంతాల వెచ్చదనానికి చేరుకుంటారు. దారిలో బిడ్డల ఊళ్లు తగిలితే వారి వాకిట్లో నాలుగు రోజులు ఆగుతారు. అక్కడ ఇందుకోసమే విడిదులు ఉంటాయి. డబ్బు కట్టి బండి నిలిపితే కరెంటు, మంచినీళ్లు ఇస్తారు. లెట్రిన్ తొట్టి ఖాళీ చేసుకోవడానికి వేరే చోటు చూపిస్తారు. అమెరికాలో కొడుకుల దగ్గరకు వెళ్లివచ్చిన మన ప్రాంతపు పెద్దలు ఈ బండ్లను చూసి వచ్చి కథలు కథలుగా చెబుతుంటారు.

అయితే ఈ ఆలోచన నిన్నటిది కాదు. మొరాకోలోని తంజా పట్టణం నుంచి 1325లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో హజ్‌కు బయలుదేరిన ఇబ్నె బతూతా మన పాఠకులకు తెలిసినవాడే. మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఢిల్లీలో ఖాజీగా కూడా పనిచేశాడు. హిందుస్తాన్ రాకముందు ఆయన నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న తుర్కుల గడ్డి మైదానాలు దాటాడు. అక్కడి పెద్ద బండ్ల గురించి ఎంతో ముచ్చటగా రాసుకున్నాడు. బండి మీద సన్నని కర్రలతో గుడారం అల్లి, పైన ఉన్ని కంబళి కప్పేవారట. జాలీ కిటికీలు ఉండేవి. లోపలి మనిషికి బయటివారు కనబడతారు, బయటివారికి లోపలి మనిషి కనబడడు. బండి నడుస్తుండగానే లోపల తినవచ్చు, నిద్రపోవచ్చు, చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. మోటర్ హోమ్ అంటే ఇంతకన్నా ఏమిటి? ఇంజను ఒక్కటే తక్కువ.

అక్కడి పాదుషా ఉజ్బెక్ ఖాన్ విడిది కదిలివచ్చినప్పుడు ఒక నగరమే కదిలి వచ్చినట్లుండేదని, అందులో మసీదులు, బజార్లు ఉండేవని, నడుస్తున్న బండ్లలోనే వంట పొగ లేచేదని కూడా ఆయన రాశాడు. అటువంటి విడిదిని తుర్కీలో ‘ఓర్దూ’ అంటారు. మన ఉర్దూ భాషకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. మనం ఇంట్లో మాట్లాడే భాష పేరులోనే గుడారం ఉంది, ప్రయాణం ఉంది.

ఇక మన మెట్ట ప్రాంతం సంగతి. మా చిన్నతనంలో పెళ్లికైనా, ఉరుసుకైనా, పురుడుకైనా గూడు బండి కట్టేవారు. వెదురు తడికెల గూడు, కింద వరిగడ్డి, పైన బొంత, ముందూ వెనకా పర్దా కోసం పాత చీర. బండి ఇరుసుకు లాంతరు వేలాడేది. మునేటి ఒడ్డున చెట్టు కింద ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి ఖిచిడీ వండేవారు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లే మా హిందూ ఇరుగుపొరుగు కూడా అలాగే బండ్లు కట్టుకొని వెళ్లి, అక్కడే వండుకొని తిని వచ్చేవారు. కాబట్టి మా దూల్హాభాయ్ చేసింది వింత ఏమీ కాదు. ఎడ్ల స్థానంలో డీజిలు పోశారు, అంతే.

బండి ఎలా తయారైంది?

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన ఊరి దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఏం జరిగిందో ఈ ప్రాంతం వారు మరచిపోలేరు. హైదరాబాదు నుంచి సొంత ఊళ్లకు బయలుదేరిన వేలమంది సరిహద్దులో ఆగిపోయారు. మా ఆపా పెద్ద కొడుకు అటు, తల్లిదండ్రులు ఇటు. సరిహద్దు దాటితే కొడుకు ఉన్న రాష్ట్రమే, అయినా చూడలేకపోయారు. ఆ నెలల్లోనే దూల్హాభాయ్ నిర్ణయించుకున్నారు. దారులు తెరిచాక పిల్లలు వస్తారని ఎదురుచూడకూడదు, తామే వెళ్లాలి అని.

2021లో ఒక పాత వ్యాను కొన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలకు చేతకాని పని లేదు. రవాణా శాఖ వారి అనుమతి ముందే తీసుకోవాలని ఆయనకు తెలుసు. బండి రూపు మార్చి, కాగితం మార్చకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు రాకపోవచ్చు. వెనక సీట్లు తీయించి రెండు పడకలు వేయించారు. పడకల కింద పెట్టెలు. తలుపు పక్కన చిన్న గట్టు, దాని మీద గ్యాసు పొయ్యి. పైన నీళ్ల డ్రమ్ము, దానికి వజూ చేసుకోవడానికి వీలుగా ఒక కుళాయి. కిటికీలకు దోమతెర. ఆపా కుట్టిన పూల పర్దాలు. లెట్రిన్ మాత్రం పెట్టించలేదు. "పెట్రోలు బంకులు ఉన్నాయి, మసీదులు ఉన్నాయి" అన్నారు దూల్హాభాయ్. ఈ మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మగవాడు బండి కట్టిస్తే ఎక్కడ తప్పు చేస్తాడో అక్కడే చేశారు.

మూడు రోజుల నియమం

ఆపా ఒక నియమం పెట్టారు. ఏ బిడ్డ ఇంటికి వెళ్లినా మూడు రోజులే. అతిథి మర్యాద మూడు రోజులని మన పెద్దలు మనకు నేర్పిందే కదా. "బిడ్డల ఇంట్లో మనం అతిథులమా?" అని దూల్హాభాయ్ కోపపడ్డారు. ఆపా సమాధానం మాకు ఇప్పటికీ గుర్తుంది. "కొడుకు ఇల్లు రెండు గదులు. ఒక గది మనం తీసుకుంటే పిల్లలు హాల్లో పడుకుంటారు. మొదటి మూడు రోజులు వారికి అది పండుగ. పదో రోజు వారికి పరీక్షలు గుర్తుకొస్తాయి."

ఆ బండి ఆ ఇంటి పరిస్థితినే మార్చివేసింది. రాత్రి పడక బండిలోనే. తెల్లవారి ఫజర్ తర్వాత టీ తామే కాచుకునేవారు. కోడలు ఆఫీసుకు వెళ్లే హడావుడిలో అత్తమామల టిఫిను గురించి ఆలోచించే పని లేదు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆపా దాల్చా వండి ఉంచేవారు. మనుమలు రాత్రి బండిలో పడుకుంటామని పేచీ పెట్టేవారు. మేము ఇటువంటి కోడళ్లను, ఇటువంటి అత్తగార్లను చాలామందిని చూశాము. ఇద్దరూ మంచివారే. ఇరుకు ఇల్లే వారిని చెడ్డవారిని చేస్తుంది.

పిల్లల ఊళ్ల మధ్య వీరు దేశం కూడా చూశారు. కర్నూలు కూతురి దగ్గరకు వెళ్లి, అటు నుంచి బీజాపూర్ గోల్ గుంబజ్‌కు వెళ్లారు. 1656లో కాలం చేసిన మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. గుంబజ్ లోపలి వరండాలో ఒక చివర గుసగుసలాడితే రెండో చివర వినబడుతుంది. దూల్హాభాయ్ అక్కడి నుంచి గుసగుసగా ఏమన్నారో ఆపా మాకు చెప్పలేదు. బీదరులో మహమూద్ గవాన్ మదరసాను చూసి మాకు ఫోను చేశారు. మదరసాలో చదువుకున్న మాకు అది ఎంత ఇష్టమో వారికి తెలుసు. 1472లో కట్టిన ఆ విద్యాలయం సగం శిథిలమైనా, మిగిలిన మీనారు మీద నీలి పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. గండికోట జామియా మసీదు మెట్ల మీద కూర్చొని పెన్నా లోయను చూస్తూ వారు రొట్టెలు తిన్న ఫొటో మా దగ్గర ఉంది.

వయసు మళ్లాక దంపతులు ఇలా బయలుదేరడం వీరితో మొదలైంది కాదు. కొచ్చిలో చిన్న టీకొట్టు నడుపుకునే విజయన్, మోహన దంపతులు రోజుకు కొంత దాచిపెట్టి, అప్పులు చేసి, తీర్చి, 25కు పైగా దేశాలు చూశారు. 2021 నవంబరులో ఆయన కన్నుమూసే వరకూ ఆ ప్రయాణం ఆగలేదు. హైదరాబాదులో రైల్వే నుంచి రిటైరైన గంగాధర్ తిలక్ కట్నం గారు, ఆయన శ్రీమతి వెంకటేశ్వరి గారు మరో దారి ఎంచుకున్నారు. కారులో తారు మిశ్రమం సంచులు వేసుకొని, 2010 నుంచి తమ పింఛను సొమ్ముతో రోడ్ల మీద గుంతలు పూడ్చారు. దూల్హాభాయ్‌కి వీరంటే ఎంతో గౌరవం. "నేను గుంతలు తప్పించి నడిపాను, ఆయన పూడ్చి నడిచాడు" అనేవారు. కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బండ్ల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. అంటే ఇది మన దేశంలోనూ వేళ్లూనుతున్న అలవాటే.

ఆగని ఊరు

ఇక సిగ్గుపడే సంగతికి వద్దాం.

జగ్గయ్యపేట నుంచి నందిగామ సుమారు 30 కిలోమీటర్లు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కితే అరగంట ప్రయాణం. హనఫీ ఫిఖ్‌లో 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు దాటి వెళ్లేవాడే ముసాఫిర్. అతడు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకుంటాడు. ఆ లెక్కన పేట నుంచి నందిగామకు వెళ్లేవాడు ముసాఫిరే కాడు. అది ప్రయాణంలో జమకాదు. కానీ మా దూల్హాభాయ్‌కి పదకొండేళ్లుగా ఆ ఊరు బీజాపూర్ కంటే దూరమైపోయింది.

ఆయన పుట్టింది నందిగామలోనే. తండ్రిగారి పెంకుటిల్లు అక్కడే ఉండేది. 2012లో తమ్ముడు తన వాటాలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కొలతల్లో తేడా వచ్చింది. పక్కన మూడడుగుల సందు ఎవరిదన్న మాట మీద అన్నదమ్ములు తగాదా పడ్డారు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. సందు అక్కడే ఉంది, మాటలు ఆగిపోయాయి. తల్లిగారి జనాజాకు ఇద్దరూ చెరో వైపు భుజం పట్టారు గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడు రోజులకు మించి సోదరునితో మాట మానేయరాదని మన దీన్ చెబుతుందని ఆయనకు తెలియదా? తెలుసు. ప్రతి రంజానులోనూ విన్నదే. మేమూ తరగతిలో పిల్లలకు అదే పాఠం చెప్పి, ఇంట్లో మా బావగారితో ఆ మాట ఎత్తడానికి భయపడి ఊరుకున్నాము. ఆ తప్పు మాది కూడా.

బండి వచ్చాక ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లారో లెక్కలేదు. నవాబుపేట, అంబారుపేట దాటి నందిగామ రాగానే ఆయన స్పీడు పెంచేవారని ఆపా చెప్పేవారు. ఆమె కిటికీ పర్దా వేసుకునేవారట.

2023 జూలై 27

ఆ రోజు గురువారం. ముహర్రం 8వ తేదీ. మేము రెండు రోజులు సెలవు పెట్టి, శనివారం ముహర్రం సెలవు కలుపుకొని, మా ఇంటావిడతో పాటు ఆ బండిలోనే గుంటూరు బయలుదేరాము. ఆపా కూతురికి కొత్తగా బాబు పుట్టాడు. వారం రోజులుగా పైన తెలంగాణలో కుండపోత వానలు. ఖమ్మం మీదుగా వచ్చే మునేరు మామూలుగా మోకాలి లోతు నీళ్లతో ఉంటుంది. వైరా, కట్టలేరు కూడా వచ్చి కలిశాక, కృష్ణలో కలిసే ముందు మన నందిగామ మండలంలో అది ఏ రూపం ధరిస్తుందో ఆ సాయంత్రం చూశాము. ఐతవరం వద్ద ఏరు జాతీయ రహదారి మీదికి వచ్చేసింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో బస్సులు. విజయవాడ, హైదరాబాదు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. తర్వాత బస్సులను గుంటూరు, మిర్యాలగూడ మీదుగా మళ్లించారు. మధ్యలో చిక్కుకున్న వారు మాత్రం చిక్కుకున్నట్లే ఉన్నారు.

మొదటి రెండు గంటలు మా బండి రాజాలా ఉంది. ఆపా పొయ్యి వెలిగించి టీ పెట్టారు. ముందున్న బస్సులో చంటిపిల్ల ఏడుస్తుంటే పాలు కాచి ఇచ్చారు. ఆ పిల్ల తల్లి, ఆమె అత్తగారు, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు వాన తప్పించుకోవడానికి మా బండి ఎక్కారు. దూల్హాభాయ్ సంతోషానికి అంతులేదు. "చూశారా, ఇల్లు వెంట ఉంటే వరదైనా భయం లేదు" అన్నారు.

రాత్రి ఎనిమిదయింది. ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకోవడం మొదలుపెట్టారు. బయట వాన, చీకటి, వరసగా లారీలు, వాటి చుట్టూ మగవాళ్లు. బండిలో పడక ఉంది, పొయ్యి ఉంది, నీళ్లు ఉన్నాయి. లెట్రిన్ లేదు. చంటిపిల్ల తల్లి బాలింతరాలు. ఆ ముసలామె మొహమాటపడి, సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా తాగడం లేదని మా ఇంటావిడ గమనించింది.

అప్పుడు ఆపా అన్నారు: "ఐదారు కిలోమీటర్లు వెనక్కి వెళ్తే ఒక ఇల్లు ఉంది. మీ తమ్ముడి ఇల్లు. అందులో బాత్‌రూమ్ ఉంది."

దూల్హాభాయ్ స్టీరింగు పట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. ఆపా మళ్లీ అన్నారు: "నా కోసం అడగడం లేదు. ఇన్నేళ్లలో నా కోసం అడిగానా? వీళ్ల కోసం అడుగుతున్నాను." పోలీసులు చిన్న బండ్లను వెనక్కి తిప్పి పంపుతున్నారు. ఆయన బండి తిప్పారు.

నందిగామలో ఆ వీధి చివర బండి ఆపి, ఆయన దిగలేదు. ముందు ఆపా దిగారు. గొడుగు పట్టుకొని తమ్ముడి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఆవో భాభీ, అందర్ ఆవో" అంటూ బస్సు ఆడవాళ్లతో సహా అందరినీ లోపలికి తీసుకువెళ్లింది. ఎవరు, ఏమిటి, ఎందుకొచ్చారు అని ఒక్క మాట అడగలేదు. కొంతసేపటికి తమ్ముడు టార్చిలైటు తీసుకొని బయటికి వచ్చాడు. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. పదకొండేళ్ల తర్వాత అన్నతో అతడు మాట్లాడిన మొదటి మాట ఇది: "భాయ్‌జాన్, బండి కాస్త ముందుకు తీయండి. వెనక చక్రం కింద కాలువ ఉంది."

"ఎంత ముందుకు?" అని అడిగారు దూల్హాభాయ్.

"మూడడుగులు చాలు."

ఇద్దరికీ ఆ మాట తగిలింది. ఎవరూ నవ్వలేదు. బండి ముందుకు వెళ్లింది. తమ్ముడు టార్చి చూపిస్తూ పక్కన నడిచాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో పదిమందికి పైగా పడుకున్నారు. మర్నాడు 9వ ముహర్రం. సహరీకి తమ్ముడి భార్య అందరినీ లేపింది. జుమా వేళకు ఏటి నీళ్లు ఇంకా రోడ్డు వదలలేదు. గుంటూరు నియ్యత్‌తో బయలుదేరినవారం కాబట్టి మేము ముసాఫిర్లం, మాకు జుమా తప్పనిసరి కాదు. అయినా అందరం వెళ్లాము. వరసలో అన్నదమ్ములు పక్కపక్కన నిలబడ్డారు. భుజానికి భుజం ఆనింది. ఇంటికి వచ్చాక సందు మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఇఫ్తారుకు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నారు. ఖర్జూరం అన్న చేతికి తమ్ముడు అందించాడు. మేము చూసింది ఇంతే. కౌగిలింతలు, కన్నీళ్లు అని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ తర్వాత

సందు తగాదా ఇప్పటికీ తేలలేదు. కాగితాల ప్రకారం ఎవరిదో ఇంకా చూడాలి. కాని ఆ తర్వాత బండి నందిగామలో ఆగకుండా ఒక్కసారి కూడా వెళ్లలేదు. దూల్హాభాయ్ ఆటోనగర్ వెళ్లి బండిలో చిన్న లెట్రిన్ పెట్టించారు. అది పెట్టించాక ఆపా అన్నారు: "ఇది ముందే ఉంటే మనం నందిగామ వెళ్లేవాళ్లమా?"

2024 సెప్టెంబరు 1న మళ్లీ వరద వచ్చింది. ఈసారి ఐతవరంతో పాటు గరికపాడు దగ్గర పాలేరు కూడా రోడ్డును దెబ్బతీసింది. జగ్గయ్యపేట వీధుల్లోకే నీళ్లు వచ్చాయి. ఆ రోజు ఆపా ఇంటికి మొదట వచ్చిన ఫోను హైదరాబాదు నుంచి కాదు, గల్ఫు నుంచి కాదు. నందిగామ నుంచి.

ఇప్పుడు దూల్హాభాయ్ రాత్రిపూట బండి నడపడం మానేశారు. షుగరు వల్ల చూపు కొంత తగ్గింది. దూర ప్రయాణాలు ఆగాయి. పేటలో వారి వీధి ఇరుకు కాబట్టి బండిని నందిగామలో తమ్ముడి ఇంటి ముందు పెట్టారు. నిలబెట్టిన బండికి బ్యాటరీ దిగిపోతుంది. అందుకని ప్రతి శుక్రవారం జుమా నుంచి వచ్చాక తమ్ముడు పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచుతాడు. ఆ శబ్దం ఫోనులో అన్నకు వినిపిస్తాడు. "గేరు బాక్సులో కొంచెం శబ్దం వస్తోంది" అని ఇక్కడి నుంచి ఆయన చెబుతారు. అలా వారానికి ఒకసారి మాట్లాడుకుంటారు.

ఇబ్నె బతూతా సంగతి మిగిలిపోయింది. ఆయన నడిచిన దూరం లక్ష కిలోమీటర్లకు పైనే ఉంటుందని చరిత్రకారులు లెక్కగట్టారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత 1349లో సొంత దేశం చేరుకున్నాడు. దారిలో డమాస్కస్‌కు వచ్చినప్పుడు, తండ్రి పదిహేనేళ్ల క్రితమే మరణించారని తెలిసింది. తంజా చేరే ముందు, తల్లి కూడా ఆ మధ్యనే ప్లేగు వ్యాధితో పోయారని తెలిసింది. అంత లోకం చూసినవాడికి ఆ రెండు ముఖాలు మళ్లీ కనబడలేదు.

రిటైరయ్యాక ఎక్కడెక్కడికి వెళ్లాలో మనలో చాలామంది కాగితం మీద రాసుకుంటారు. ఉమ్రా, ఆగ్రా, కాశ్మీర్, కొడుకు దగ్గరకు దుబాయ్. రాసుకోవలసినదే. అల్లాహ్ అందరికీ ఆ భాగ్యం ఇవ్వాలి. బండి కట్టించుకునే స్తోమత ఉంటే కట్టించుకోండి. కాగితాలు సరిగా ఉంచుకోండి, గ్యాసు బండ గాలి తగిలేచోట పెట్టండి, మందులు వారం ఎక్కువకే సర్దుకోండి, ఆడవాళ్ల వసతి ముందు అడిగి తర్వాత పడకల సంగతి చూడండి. కాని ఆ కాగితం మడిచే ముందు, మీరు స్పీడు పెంచి దాటిపోయే ఊరు ఏదైనా ఉందేమో ఒకసారి ఆలోచించండి. చాలాసార్లు అది అరగంట దూరంలోనే ఉంటుంది.

వచ్చే శుక్రవారం మేము నందిగామ వెళ్తున్నాము. దూల్హాభాయ్ కూడా వస్తున్నారు. గేరు బాక్సు ఆయనే స్వయంగా చూడాలట.